సెలవుల జాబితా నేనే రాశాను

హైటెక్ సిటీలో ఒక మధ్యరకం సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇరవై ఏళ్లకు పైగా హెచ్‌ఆర్ ఉద్యోగం చేసి ఈ మధ్యే రిటైరయ్యాను. నా పేరు సుభద్ర. సొంతూరు తణుకు దగ్గర, కాపురం కూకట్‌పల్లిలో. నా చేతి మీదుగా ఎంతోమంది ఉద్యోగాల్లో చేరారు, ఎంతోమంది వెళ్లిపోయారు. అవేవీ ఇక్కడ రాయను. అలాంటివి చెప్పడానికి ప్రతి సభలోనూ ఎవరో ఒకరు మైకు పట్టుకుని సిద్ధంగా ఉంటారు. నేను రాసేది ఒక్క కాగితం గురించి. ఏటా డిసెంబరులో తయారయ్యే సెలవుల జాబితా గురించి. పదిహేడేళ్లు దాన్ని నేనే రాశాను. రేపు ఆ కుర్చీలో కూర్చోబోయే పిల్లలకు దాని అసలు రూపం తెలియాలి. శిక్షణ తరగతుల్లో మీకు చెప్పేది వేరు.

జాబితా ఎలా పుడుతుంది

పైకి చూస్తే ఇది చాలా తేలికైన పని. ఏడాది చివర ప్రభుత్వం సాధారణ సెలవులు, ఐచ్ఛిక సెలవులు అని రెండు పట్టికలు విడుదల చేస్తుంది. రిపబ్లిక్ డే, స్వాతంత్ర్య దినం, గాంధీ జయంతి ఎవరూ ముట్టుకోలేనివి. మిగిలిన వాటిలోంచి ఏడు ఎంచుకుని, పది సెలవుల జాబితా చేసి, పైన దీపాల బొమ్మ పెట్టి అందరికీ పంపాలి. అంతే కదా అనుకుంటారు. నేనూ మొదటి ఏడాది అలాగే అనుకున్నాను.

ఆ ఏడును ఎంచేది హెచ్‌ఆర్ కాదు. మా కంపెనీలో ఎంచింది ప్రసాద్ గారు. ప్రాజెక్టులన్నిటికీ ఆయనే పెద్ద. మనిషి మర్యాదస్తుడు, ఎవరినీ 'గారు' లేకుండా పిలవరు. కానీ ఆయన కేలండరు చూసే పద్ధతి వేరు. ముందు శని, ఆదివారాల్లో పడిన పండుగల మీద వేలు పెట్టేవారు. "ఇవి మూడున్నాయండి, వేసేయండి" అనేవారు. ఎలాగూ ఇంట్లోనే ఉండే రోజులను సెలవులుగా లెక్కించి పది పూర్తి చేయడం ఆయనకు గొప్ప తెలివిగా కనిపించేది. ఆ తర్వాత అమెరికా క్లయింటు కేలండరు తెరిచేవారు. వాళ్లకు సెలవున్న రోజు మాకు పని ఉండదు గనుక శిక్షణ పెట్టాలి. మాకు సెలవున్న రోజు వాళ్లకు పని ఉంటుంది గనుక సగంమంది రావాలి. ఈ రెండు సూత్రాలతో ఏ పండుగనైనా మాయం చేయవచ్చు.

ఐచ్ఛిక సెలవు సంగతి కూడా చెప్పాలి. ఇష్టం ఉద్యోగిది, అనుమతి మేనేజరుది. ఆ మాటకు అర్థం అంతే. పదిహేడేళ్లలో నేను నేర్చుకున్న ఇంకో అర్థం లేదు.

అమావాస్య, నెలవంక

ఒక ఏడాది దీపావళి ఏ రోజన్నది తేలలేదు. అమావాస్య ఒక మధ్యాహ్నం మొదలై మర్నాడు సాయంత్రం దాకా ఉంది. ఒక పంచాంగం ముందు రోజన్నది, ఇంకొకటి తర్వాతి రోజన్నది. పండితులు టీవీల్లో కూర్చుని ఒకరి శాస్త్రాన్ని ఒకరు తప్పు పట్టుకున్నారు. ప్రభుత్వం కూడా కొన్నాళ్లు తటపటాయించింది. మా ఆఫీసులో మాత్రం ఆ చర్చ పది నిమిషాల్లో ముగిసింది. ముందు రోజు క్లయింటుకు ప్రోడక్టు చూపించాలి. కాబట్టి అమావాస్య మర్నాడే అని ప్రసాద్ గారు తేల్చారు. తర్వాత ప్రభుత్వం ముందు రోజునే ప్రకటించింది. మేం మార్చలేదు. ఇళ్లల్లో పిల్లలు మతాబులు కాలుస్తుంటే మా వాళ్లు తెర మీద పట్టికలు చూపించారు.

దానికి నేను అప్పట్లో నవ్వాను. తర్వాతి ఏడాది జరిగిన దానికి నవ్వు రాలేదు.

రంజాన్ తేదీ నెలవంకను బట్టి మారుతుందని ప్రభుత్వ పట్టికలోనే రాసి ఉంటుంది. మా జాబితాలో ఆ మాట ఉండేది కాదు. రంగుల కాగితం మీద అచ్చేసిన దానికి అలాంటి సందేహాలు బాగుండవని నేనే తీసేశాను. ఆ ఏడాది మా తేదీకి ముందు రోజు సాయంత్రం నెలవంక కనిపించలేదు. వెంటనే ప్రభుత్వం సెలవును ఒక రోజు తర్వాతకి మార్చింది. టెస్టింగ్ బృందంలో రఫీక్ అనే కుర్రాడు ఉండేవాడు, ఆరేళ్లుగా మా దగ్గరే పనిచేస్తున్నాడు. అతను నాకు రెండు లైన్ల మెయిల్ పంపాడు. రేపటి సెలవు ఎల్లుండికి మార్చగలరా అని. ప్రసాద్ గారిని అడిగితే, క్లయింటుకు తేదీ ఇచ్చేశామండి, ఇప్పుడు ఒక్కడి కోసం మారిస్తే ఎలా అన్నారు. నేను రఫీక్‌కు జవాబు రాశాను. ప్రచురించిన జాబితా ప్రకారమే సెలవు అని.

రఫీక్ చివరి రోజా ఉపవాసం నాడు జాబితా ఇచ్చిన సెలవులో ఇంట్లో కూర్చున్నాడు. పండుగ రోజు పొద్దున్నే నమాజు చేసుకుని, కొత్త బట్టల్లో ఆఫీసుకు వచ్చి సాయంత్రం దాకా పనిచేశాడు. మర్నాడు పెద్ద డబ్బాలో షీర్ ఖుర్మా పాయసం తెచ్చి అందరికీ గ్లాసుల్లో పోశాడు. నా బల్ల మీదా ఒక గ్లాసు పెట్టాడు. నెల తిరక్కుండా రాజీనామా ఇచ్చాడు. కారణం దగ్గర 'మెరుగైన అవకాశం' అని రాస్తే నేను దాన్ని అలాగే కంప్యూటర్లో ఎక్కించాను. అది అబద్ధమని నాకు తెలుసు. ఆ గడిలో నిజం రాసిన కాగితం నా సర్వీసులో ఒక్కటి కూడా చూడలేదు.

బోనాల సోమవారం

యాదమ్మ నాకు పరిచయమైంది కూడా ఒక సెలవు దగ్గరే. ఆమె మా ఆఫీసులో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు. నారాయణపేట దగ్గర పల్లె నుంచి వచ్చి ప్రగతి నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. ముప్పై మందికి పైగా ఆడవాళ్లు ఆమె కింద పనిచేసేవారు. జీతం మా కంపెనీ ఇవ్వదు, ఒక ఏజెన్సీ ఇస్తుంది. అందుకే మా జాబితాలో ఆ ఆడవాళ్లు ఎవరూ లేరు. అది తప్పని మాలో ఎవరికీ తోచలేదు.

నోటీసు బోర్డు మీద జాబితా అంటిస్తుంటే యాదమ్మ పక్కన నిలబడి చూసింది. బోనాల సెలవు లేదా మేడం అని అడిగింది. బోనాలు ఆదివారమే కదా, ఇంకా సెలవెందుకు అన్నాను.

"ఆదివారం బోనం ఎత్తుతం మేడం. సోమవారం రంగం ఉంటది. అమ్మవారు ఏం పలుకుతదో ఇననీకి పోతం. గందుకే సర్కారు సోమవారం ఇస్తది."

హైదరాబాదులో అప్పటికి పదిహేనేళ్లుగా ఉంటున్నాను. ఆ సోమవారం ప్రభుత్వ పట్టికలో ఎందుకుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మా జాబితాలో భోగి, సంక్రాంతి, కనుమ మూడూ ఉన్నాయి. ఎందుకంటే ప్రసాద్ గారిదీ నాదీ గోదావరి జిల్లాలే. మేం బతుకుతున్న ఊరి పండుగ మాత్రం లేదు. తర్వాతి ఏడాది ప్రసాద్ గారిని ఒప్పించి కనుమ తీసి బోనాల సోమవారం పెట్టాను. మా వాళ్లు నెల రోజులు నన్ను తిట్టుకున్నారు. ఆ సోమవారం కూడా యాదమ్మ బృందం ఎప్పటిలాగే పనికి వచ్చింది. జాబితా వాళ్లది కాదు కదా. నేను ఘనకార్యం చేశాననుకుని ఆ సోమవారం ఇంట్లో పడుకున్నాను.

పోలింగ్ రోజు

యాదమ్మ ఓటు సొంతూళ్లో ఉండేది. అంతకు ముందు ఎన్నికలకు వెళ్తే ఓటర్ల జాబితాలో పేరు లేదని వెనక్కి పంపారు. ఆమె మూడుసార్లు మండలాఫీసు చుట్టూ తిరిగింది. చివరికి నేనే ఒక మధ్యాహ్నం నా కంప్యూటర్లో ఆమె దరఖాస్తు నింపాను. కార్డు వచ్చిన రోజు కొంగులో చుట్టి తెచ్చి చూపించింది. ఫోటోలో ముసలిదానిలా ఉన్నానని నవ్వింది.

శాసనసభ ఎన్నికలు వచ్చాయి. పోలింగ్ రోజు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలన్నది చట్టం. రోజు కూలీకి కూడా ఆ హక్కు ఉంది. మా కంపెనీ కూడా ప్రకటించింది. ఓటు పవిత్రమైన బాధ్యత అని మెయిల్ నేనే రాశాను. కానీ ఆ మర్నాడే క్లయింటు బృందం అమెరికా నుంచి దిగుతోంది. కార్పెట్లు షాంపూ వేసి కడగాలి, అద్దాలు తుడవాలి. ఖాళీ ఆఫీసు దొరికే రోజు మళ్లీ రాదండి అన్నారు ప్రసాద్ గారు. హౌస్‌కీపింగ్ వాళ్లను రమ్మనడానికి చట్టం ఒప్పుకుంటుందా అని నన్ను అడిగారు.

ఇక్కడ నేను చేసింది దాచకుండా చెబుతాను. ఒప్పుకోదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. చట్టాన్ని తిరగేశాను. ఎవరు పనికి రాకపోతే ప్రమాదమో భారీ నష్టమో జరుగుతుందో వారికి ఈ సెలవు వర్తించదన్న మినహాయింపు ఒకటి కనిపించింది. దాని కింద పసుపు గీత గీసి ఆయనకు పంపాను. అడిగిన దానికి జవాబు తెచ్చి ఇస్తే సమర్థురాలిననుకునే రోజులవి.

మిగతా రోజుల్లో జాబితాలో పేరు పెట్టడానికి కూడా పనికిరాని ఆడవాళ్లు ఆ ఒక్క రోజు మాత్రం రాకపోతే కంపెనీ మునిగిపోయేంత ముఖ్యులయ్యారు. ఇంత సిగ్గుమాలిన తర్కం నేను వేరే ఎక్కడా చూడలేదు. దానికి ఆధారం వెతికి ఇచ్చింది నేను.

ఏజెన్సీ నోటి మాటగా చెప్పింది. పొద్దున ఏడింటికి రావాలి, రెండింటికి వదిలేస్తాం, పోలింగ్ సాయంత్రం దాకా ఉంటుంది కదా అని. ప్రగతి నగర్‌లో ఓటున్న వాళ్లకు అది కుదరొచ్చు. నారాయణపేట చేరాలంటే ఆ రోజు బస్సుల్లో నిలబడి ఐదు గంటలు. యాదమ్మ నా దగ్గరికి రాలేదు. రాకపోవడం నాకు హాయిగా అనిపించింది. పోలింగ్ రోజు అందరూ వచ్చారు. కార్పెట్లు శుభ్రంగా మెరిశాయి. క్లయింటు బృందం వాటి మీద నడిచి మీటింగు గదిలోకి వెళ్లింది. ఎవరూ కిందికి చూసినట్టు కూడా లేదు.

వాళ్ల ఇష్టపూర్వకంగా

రెండు వారాల తర్వాత కార్మిక శాఖ నుంచి నోటీసు వచ్చింది. ఎవరో పేరు రాయకుండా ఫిర్యాదు చేశారు. మా రిజిస్టరులో పోలింగ్ రోజు సెలవని ఉంది. గేటు పుస్తకంలో ముప్పై మంది ఆడవాళ్ల పేర్లున్నాయి. నేను పసుపు గీత గీసిన మినహాయింపు కార్పెట్లకు వర్తించదని మా లాయరు ఫోనులోనే నవ్వాడు.

ప్రసాద్ గారు తలుపు వేసి నాతో మాట్లాడారు. "ఏం లేదండి సుభద్ర గారూ. వాళ్లు ఇష్టపూర్వకంగానే వచ్చారని ఒక్కో కాగితం తీసుకుంటే సరిపోతుంది. మీరంటే వాళ్లకు గౌరవం కదా, మీరే మాట్లాడండి."

ఇంగ్లీషులో ఒక ఉత్తరం తయారు చేశాను. పేరు దగ్గర ఖాళీ వదిలి కాపీలు తీశాను. కింద పార్కింగు పక్కన వాళ్లు బట్టలు మార్చుకునే గది ఉంది. కిటికీ లేదు. అన్నేళ్లలో ఆ గదిలోకి అదే మొదటిసారి వెళ్లడం. ఒక్కొక్కరినీ పిలిచి సంతకం పెట్టించుకున్నాను. సంతకం రాని వాళ్లు వేలిముద్ర వేశారు. ఏముంది ఇందులో అని ఎవరూ అడగలేదు. ఆఫీసు కాగితమని చెప్పాను, అంతే. చివర యాదమ్మ వచ్చింది. కాగితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"జర తెలుగుల సదివి చెప్పున్రి మేడం."

చదవడం మొదలుపెట్టాను. పోలింగ్ రోజు నాకు సెలవు ఉందని నాకు ముందే తెలియజేశారు. ఓటు వేయడానికి వెళ్లే వీలు నాకు కల్పించారు. నేను నా ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా ఆ రోజు పనికి రావడానికి ఒప్పుకున్నాను.

ఇంగ్లీషులో రాసినప్పుడు ఆ వాక్యాలు నాకు మామూలుగానే ఉన్నాయి. తెలుగులో పైకి చదివేసరికి మూడో వాక్యం సగంలో గొంతు ఆగిపోయింది. దగ్గి, మళ్లీ చదవబోయాను. యాదమ్మ కాగితం మీద చెయ్యి పెట్టింది.

"నేను గిట్ల ఎప్పుడు అన్న మేడం?"

అనలేదు అని చెప్పవచ్చు. అప్పటికే తీసుకున్న సంతకాల కట్ట అక్కడే చింపేయవచ్చు. ఆ రెండూ చేయకుండా, నా ఒళ్లో ఉన్న ఆ కట్టను సర్దుకుని, సరే యాదమ్మా, నీ ఇష్టం అని లేచి వచ్చేశాను. మిగతా ఉత్తరాలన్నీ కార్మిక శాఖకు చేరాయి. ఒక మందలింపుతో ఫైలు మూసేశారు. ప్రసాద్ గారు మీటింగులో నన్ను మెచ్చుకున్నారు.

నెలాఖరుకు ఏజెన్సీ నుంచి మెయిల్ వచ్చింది. సూపర్‌వైజరు యాదమ్మను నానక్‌రామ్‌గూడలోని వేరే కంపెనీ టవరుకు మారుస్తున్నామని. సూపర్‌వైజరుగా కాదు, మామూలు పనిమనిషిగా. ప్రగతి నగర్ నుంచి అక్కడికి బస్సూ, ఆపైన రెండు షేర్ ఆటోలు. ఎందుకు మార్చారో నాకు తెలుసు. ఎవరు చెబితే మార్చారో కూడా తెలుసు. 'గమనించాం' అని జవాబు రాశాను.

ఒక్క వాక్యం

ఆ ఏడాది జాబితా రాసేటప్పుడు అన్నిటికన్నా పైన ఒక వాక్యం చేర్చాను. ఈ సెలవులు ఈ ప్రాంగణంలో పనిచేసే ప్రతి ఒక్కరికీ వర్తిస్తాయి, జీతం ఎవరు ఇచ్చినా సరే అని. ప్రసాద్ గారు కొట్టేసి పంపారు. మళ్లీ రాసి పంపాను. మళ్లీ కొట్టేశారు. మూడోసారి ఆయన గదికి వెళ్లాను.

ఇది మన పరిధి కాదండి అన్నారు. ఆ ఉత్తరాలు ఎవరు రాశారో, సంతకం పెట్టిన వాళ్లకు అందులో ఏముందో తెలుసో లేదో కార్మిక శాఖకు నేనే చెబుతానన్నాను. ముందు నా ఉద్యోగం పోతుంది, ఆ తర్వాత మీ సంగతి వాళ్లు చూసుకుంటారన్నాను. ఆయన కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టారు. ఆ రోజు నుంచి నేను రిటైరయ్యే దాకా నాతో పనికి సంబంధం లేని మాట ఒక్కటి కూడా మాట్లాడలేదు. నా వీడ్కోలు రోజు ఊళ్లో లేరు.

పిల్లలూ, దీన్ని ధైర్యం అనుకోకండి. రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉండగా, పోయేది ఏమీ లేనప్పుడు చేసిన పని ఇది. రఫీక్ మెయిల్ పంపిన సాయంత్రం చేసి ఉంటే ఆ మాటకు అర్హురాలినయ్యేదాన్ని.

నానక్‌రామ్‌గూడ

కొన్ని నెలలకే లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. ఈసారి పోలింగ్ రోజు మా హౌస్‌కీపింగ్ వాళ్లందరికీ సెలవు దొరికింది. తెలియకుండా నా ఉత్తరం మీద సంతకాలు పెట్టిన ఆడవాళ్లంతా ఊళ్లకు వెళ్లి ఓటేసి వచ్చారు. పెట్టనన్న మనిషి మాత్రం నా వాక్యం చేరని టవరులో ఉంది. ఆ సంగతి తలుచుకుంటే నాకు స్థిమితం ఉండేది కాదు.

పోలింగ్ అయిన వారం లోపే ఒక మధ్యాహ్నం సెలవు పెట్టి నానక్‌రామ్‌గూడ వెళ్లాను. ఆ టవర్ల వెనక ఇంకా పాత ఊరి ఇళ్లున్నాయి. షేర్ ఆటోలు ఆగే చోట, ఒక మిర్చిబజ్జీల బండి పక్కన యాదమ్మ యూనిఫాంలో కూర్చుని అన్నం తింటోంది. నన్ను చూసి గిన్నె మూత పెట్టి లేవబోయింది. వద్దని పక్కనే కూర్చున్నాను. ఉత్తరాల సంగతి, బదిలీ సంగతి, 'గమనించాం' అన్న జవాబు సంగతి అన్నీ చెప్పాను. క్షమించమని అడిగాను. ఆమె అంతా విన్నది.

"సదువుతాంటే మీ గొంతు పట్టుకున్నది మేడం, చూసిన. గందుకే మీ మీద కోపం పెట్టుకోలే." గిన్నె మూత సరిచేస్తూ అంది. "కానీ తీసుకున్న సంతకాలు మల్ల ఎవలకూ వాపస్ ఇయ్యలే గదా."

ఇవ్వలేదు అన్నాను. మాట మార్చడానికి, ఈసారి నీకు సెలవు ఇచ్చారా అని అడిగాను. ఇక్కడ నాకు తెలిసిన వాళ్లున్నారు, ముందే చెప్పి ఉంటే నేను అడిగేదాన్ని అని కూడా అన్నాను.

"అడుగుడేంది మేడం? నేను అడగలే. రేపు రాను, ఊరికి పోతున్న అని చెప్పిన. రాకుంటే పనిల నుంచి తీసేస్తమన్నరు. తీసేయున్రి అన్న. పోయిన, ఏసిన, వచ్చిన. తీసెయ్యలే."

ఎడమ చెయ్యి చాపి చూపించింది. చూపుడు వేలి గోరు మీద నల్లటి గీత ఇంకా పోలేదు. పదిహేడేళ్లు సెలవు అంటే పైనుంచి ఎవరో రాసి ఇచ్చేదనుకున్నాను. ఇవ్వడానికి ఒప్పించడమే నా వృత్తి గొప్పతనం అనుకున్నాను. ఆమె నా వాక్యం కోసం ఆగలేదు.

యాదమ్మ గిన్నె మూత మళ్లీ తీస్తూ మామూలుగా అడిగింది.

"మీరేసిన్రా మేడం?"

పోలింగ్ రోజు నాకు జీతంతో కూడిన సెలవు. పోలింగ్ బూతు మా ఇంటికి రెండు వీధుల అవతల. పొద్దున వెళ్తే ఎండలో పెద్ద వరుస ఉంది. సాయంత్రం వద్దామని ఇంటికి వచ్చి, అన్నం తిని, కునుకు తీశాను. లేచేసరికి ఆరు దాటింది, పోలింగ్ అయిపోయింది.

నా ఎడమ చెయ్యి హ్యాండ్‌బ్యాగు కిందికి జరిపాను. ఆమె చూసింది. మళ్లీ అన్నం తినసాగింది.